పిఠాపురం వీణ: కొయ్య, మెట్టు, పాఠం, కూర్పు

వస్తువుకు రూపకల్పన చేయడం, దానికి వాడే కొయ్యా లోహమూ వృథా పోకుండా, తరిగిపోకుండా చూడడం, విద్య చెప్పడం, సంగీతం కూర్చడం అనే నాలుగు పనులు నేటి విశ్వవిద్యాలయాలలో నాలుగు వేరు శాఖల కింద నడుస్తున్నాయి; ఆ నాలుగింటినీ ఒకే జీవితంలో నడిపే మనిషి కనిపిస్తే అది కొత్త కాలపు వృత్తిగా లెక్కకు వస్తున్నది. గోదావరి డెల్టాకు ఈశాన్యపు అంచున ఉన్న పిఠాపురం సంస్థానపు సంగీత చరిత్రను పరిశీలిస్తే ఈ కలయిక వైణికుడి వృత్తిలో ఎప్పటినుంచో ఇమిడి ఉన్నదని తెలుస్తుంది. వీణ తయారీకి పూనుకునే వడ్రంగికి ఏ శ్రుతికి ఎంత వాద్యం కావాలో చెప్పేవాడు వైణికుడు; మెట్లు ఎక్కడ నిలవాలో చెవితో తేల్చేవాడు, చేతనైతే తానే కట్టుకునేవాడు కూడా అతడే; ఒకసారి చేయించుకున్న వాద్యాన్ని జీవితమంతా మరమ్మతు చేయించుకుంటూ వాడేవాడు, దానిమీదే శిష్యులకు పాఠం చెప్పేవాడు, దానిమీదే కొత్త కల్పన చేసేవాడు. ఈ పనులను విడివిడిగా చూడడం ఇటీవలి అలవాటు.

పిఠాపురం ప్రాచీనత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుడి దక్షిణ దండయాత్రను వర్ణించిన అలహాబాదు స్తంభ శాసనంలో పిష్టపురపు మహేంద్రుడి పేరు ఉన్నది. కుక్కుటేశ్వరస్వామి ఆలయం, పాదగయ, పురుహూతికా దేవి, కుంతీమాధవుడు ఈ ఊరిని యాత్రాస్థలంగా నిలిపారు. ఈ వ్యాసానికి కావలసిన పిఠాపురం మాత్రం రావు వంశపు వెలమ జమీందారుల పిఠాపురం, అందులోనూ ముఖ్యంగా రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు (1885–1964) కాలపు పిఠాపురం. కాకినాడలో 1884లో కళాశాల స్థాయికి వచ్చి, తరువాత ఆయన పోషణలో నడిచిన పిఠాపురం రాజా వారి కళాశాల, ఆయన పేరు మీదనే వెలువడి 1936లో మొదటి సంపుటం అచ్చయిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, కాకినాడ బ్రహ్మసమాజ మందిరం, అనాథ శరణాలయం ఆయన దానధర్మాలకు ఆనవాళ్లు. ఆస్థానంలో దేవులపల్లి సోదర కవులూ పానుగంటి లక్ష్మీనరసింహారావూ ఉండేవారు. దేవులపల్లి వారింటి బిడ్డ కృష్ణశాస్త్రి 1897లో పుట్టినది పిఠాపురం దగ్గరి పల్లెలోనే. సాహిత్య చరిత్రకారులు ఈ ఆస్థానాన్ని గురించి విస్తారంగా రాశారు. సంగీతానికి ఆ భాగ్యం తక్కువ, అందులోనూ సంగీతానికి ఆధారమైన వస్తువుకు మరీ తక్కువ. చేతిపనిని విద్యగా లెక్కించని అలవాటు మన చరిత్ర రచనలో బలంగా ఉన్నందువల్ల ఇలా జరిగిందనుకోవాలి.

వీణను వస్తువుగా చూడాలంటే విజయనగర కాలం దాకా వెనక్కి వెళ్లాలి. బయకార రామామాత్యుడు 1550లో అళియ రామరాయల కోసం రచించిన 'స్వరమేళకళానిధి' సంస్కృత గ్రంథమే అయినా దాని కర్త తెలుగువాడు, వాగ్గేయకారుడు, అంటే మాటనూ ధాతువునూ (పాట నడిచే స్వరరూపాన్ని) తానే కూర్చేవాడు. ఆయన తన గ్రంథంలో వీణకు ప్రత్యేకంగా ఒక ప్రకరణం కేటాయించి, శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని తీగల శ్రుతిని బట్టి మూడు విధాలు చెప్పి, ఒక్కొక్కదాన్నీ మెట్ల అమరికను బట్టి మళ్లీ రెండుగా విభజించాడు. ఒకే రాగానికి కావలసిన స్వరస్థానాలకు మాత్రమే మెట్లు ఉన్నది ఏకరాగమేళ వీణ. అన్ని రాగాలకూ చాలేటట్లు అన్ని స్వరస్థానాలకూ మెట్లు అమర్చినది సర్వరాగమేళ వీణ. మొదటి దానిలో మెట్లు తక్కువ, కాని రాగం మారినప్పుడల్లా మెట్లు జరుపుకోవాలి; రెండవ దానిలో మెట్లు ఎక్కువ, అమర్చడం కష్టం, ఒకసారి అమర్చాక మాత్రం ఏ రాగమైనా పలుకుతుంది. వాద్యం చేసేవాడి కష్టానికీ వాయించేవాడి సౌకర్యానికీ మధ్య బేరీజు వేసిన ఈ చర్చ నేటి రూపకల్పన పాఠ్యగ్రంథాలలో ఉండదగినది.

ఆ బేరం చివరకు సర్వరాగమేళ వీణ వైపు తెగింది. 17వ శతాబ్ది తొలి దశాబ్దాలలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి, సంగీత పోషకుడు. ఆయన మంత్రి గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి తన 'చతుర్దండీప్రకాశిక'లో రఘునాథేంద్రమేళ వీణను వర్ణించాడు. రెండు స్థాయిలకు, అంటే స్థాయికి 12 చొప్పున, మొత్తం 24 స్థిరమైన మెట్లు, నాలుగు వాయింపు తీగలు, పక్కన తాళానికి మూడు తీగలు ఉన్న నేటి సరస్వతీ వీణ రూపాన్ని సంప్రదాయం ఈ రఘునాథుడికే ఆపాదిస్తున్నది. అదే వేంకటమఖి 72 మేళకర్తల, అంటే రాగాలకు మూలమైన స్వరక్రమాల, లెక్క కట్టడం కాకతాళీయం కాకపోవచ్చు: స్థాయిలో 12 స్థానాలను కొయ్యమీద ఇత్తడి కమ్మీలతో స్థిరపరిచాకనే, ఆ స్థానాలతో ఎన్ని మేళాలు ఏర్పడగలవన్న ప్రశ్న స్పష్టంగా కళ్లముందు నిలుస్తుంది. శాస్త్రం ముందు పుట్టి వాద్యం దానికి లోబడిందన్నది పండితుల నమ్మకం. ఇక్కడ మాత్రం వాద్యమే శాస్త్రానికి దారి చూపినట్లు కనిపిస్తున్నది.

మెట్ల అమరికను కొంచెం దగ్గరగా చూడడం అవసరం. దండి, అంటే ఎడమచేయి ఆడే పొడవాటి కొయ్య భాగం. దాని రెండు అంచుల వెంట తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి నూరి చేసిన నల్లని ముద్దను కట్టలుగా పోస్తారు. ఈ మైనపు కట్టలను కొద్దిగా వేడి చూపి మెత్తబరచి, వాటిమీద ఇత్తడి మెట్టును అడ్డంగా ఒత్తి, తీగ మీటి, చెవి ఒప్పుకునే దాకా వెంట్రుక వాసి అటూ ఇటూ జరిపి, ఒప్పుకున్నాక మైనం చల్లారనిస్తారు. తీగ ఒక కొసన ఆనే చిన్న అడ్డకట్టును మేరువు అనీ, నాదాన్ని పెంచే గుండ్రని కొయ్య భాగమైన కుండ మీద రెండవ కొసన ఆనే దాన్ని గుర్రం అనీ అంటారు. మేరువు నుంచి గుర్రం దాకా తీగ పొడవును 100 భాగాలుగా ఊహించి సమాన అర్ధస్వరాల లెక్క వేస్తే, మొదటి మెట్టు మేరువుకు సుమారు 5.6 భాగాల దూరాన, 12వ మెట్టు సరిగ్గా సగంలో, 24వ మెట్టు 75 దగ్గర పడతాయి. అంటే మొదట్లో మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న ఎడం చివరకు వచ్చేసరికి 1.5 భాగాలకు తగ్గిపోతుంది. అక్కడ మెట్టు కొంచెం పక్కకు జరిగినా స్వరం బాగా తప్పుతుంది. పైగా వేలితో నొక్కినప్పుడు తీగ సాగి స్వరం కొంత పెరుగుతుంది కనుక లెక్క ప్రకారం పెట్టిన మెట్టు చెవికి సరిపోదు. అందుకే ఈ పని కొలబద్దకు లొంగలేదు. వడ్రంగి ఎంత నేర్పరి అయినా మెట్లు కట్టే పూట వైణికుడి చెవి పక్కనే ఉండాలి, లేదా ఆ వడ్రంగికే వైణికుడి చెవి ఉండాలి. ఎండలు ముదిరిన వేసవిలో మైనం సడలడం, ఏళ్ల వాడకంలో తీగ ఒరిపిడికి మెట్ల మీద గాడి పడడం మామూలే. అప్పుడు పాత మైనం గీకి తీసి మేళం, అంటే మెట్ల వరుస, మళ్లీ కడతారు. కొయ్య అదే, కుండ అదే, దండి అదే. మారేది మైనమూ అరిగిన ఇత్తడీ మాత్రమే. పనికిరాని భాగాన్ని మాత్రమే మార్చుకుని తక్కిన వస్తువును రెండు మూడు తరాలు వాడుకునే ఈ పద్ధతికి ఎవరూ సిద్ధాంతం రాయలేదు, కాని మరమ్మతుకు వీలుగా వస్తువును కల్పించడం అన్న నేటి ఆదర్శానికి ఇంతకు మించిన ఉదాహరణ వెదకనక్కరలేదు.

గుర్రం సంగతి ఇంకా సూక్ష్మం. దాని పైభాగంలో అమర్చిన కంచు రేకు బల్లపరుపుగా ఉండక స్వల్పంగా వంపు తిరిగి ఉంటుంది. తీగ ఒక పదునైన అంచు మీద కాక ఆ వంపు మీద ఒరుసుకుంటూ పైకి లేస్తుంది. సర్ సి. వి. రామన్ కలకత్తాలో పరిశోధన చేస్తున్న రోజుల్లో, 1921లో, తంబురా, వీణల గుర్రాలను గురించి ఒక చిన్న పత్రం ప్రకటించాడు. మామూలు తంత్రీవాద్యంలో తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు దగ్గర కదలిక లేని ఉపస్వరాలు వినిపించకూడదని అప్పటికి స్థిరపడిన భౌతికశాస్త్ర నియమం. భారతీయ వాద్యాల వంపు గుర్రం ఈ నియమాన్ని దాటి ఆ ఉపస్వరాలను కూడా పలికిస్తున్నదని రామన్ చూపాడు. ఆయన బాల్యంలో చదివినది విశాఖపట్నంలో, ఆయన భార్య లోకసుందరి వీణ వాయించేది. ఆ రెండు సంగతులకూ ఈ పత్రానికీ సంబంధం ఉందా లేదా అన్నది పాఠకుల ఊహకు వదలవచ్చు. శాస్త్రజ్ఞుడు కొలిచి చూపిన ఆ వంపును తరతరాల పనివారు ఆకురాయితో అరగదీసి, తీగ మీటి, నాదం నిలిచే దాకా మళ్లీ అరగదీసి సాధించారు.

వీణకు మూలద్రవ్యం పనస కొయ్య. తెలుగు నేలలో వీణల తయారీకి పేరుపడినవి రెండు చోట్లు: బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి, కృష్ణా గోదావరుల మధ్య ఉన్న నూజివీడు. పిఠాపురం ఈ రెండింటి నడుమ ఉన్నది. బొబ్బిలి సంస్థాన స్థాపకుడు పెద్దరాయుడి కాలంలో, అంటే 17వ శతాబ్దిలో, అక్కడ వీణల పని మొదలైందని సంప్రదాయం చెబుతుంది. గొల్లపల్లి సర్వసిద్ధి వంశంవారు ఈ పనికి ప్రసిద్ధులు. బొబ్బిలి వీణ ప్రత్యేకత ఏకాండి వీణ, అంటే కుండ, దండి, మెడ మూడూ ఒకే దుంగ నుంచి అతుకు లేకుండా తొలిచి తీసినది. తంజావూరు పద్ధతిలో ఎక్కువగా కుండను, దండిని, యాళిముఖం ఉన్న మెడను విడిగా చేసి అతుకుతారు. అతుకు లేని కొయ్యలో నాదం అడ్డులేకుండా నడుస్తుందని వైణికులు విశ్వసిస్తారు. ఆ నమ్మకాన్ని కాదనకపోయినా, దాని ఖరీదును చూడక తప్పదు: ఏకాండి వీణకు వీణ పొడవూ కుండ వెడల్పూ రెండూ ఇమిడే లావైన, పగులు లేని దుంగ కావాలి; అందులో అధిక భాగం బాడిసె కింద పేళ్లుగా రాలిపోతుంది. ముక్కలు అతికి చేసే వీణకు చిన్న దుంగలు చాలు. అంటే నాదాన్ని గురించిన ఒక ఆదర్శం చెట్టు వయసు మీద భారం మోపుతున్నది, ఎందుకంటే అంత లావైన పనస చెట్టు ఎదగడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. పెళ్లి విందులో ఆవపెట్టిన పనసపొట్టు కూర లేకపోతే చిన్నబుచ్చుకునే గోదావరి జిల్లాలలో కాపు కాసే చెట్టును వీణ కోసం కొట్టడానికి ఏ రైతూ తొందరపడడు. కాపు తగ్గి ముదిరిన చెట్టే వడ్రంగికి దక్కేది, ముదురు కొయ్యే వీణకు పనికొచ్చేది కనుక తిండికీ సంగీతానికీ మధ్య ఈ ఏర్పాటు చాలాకాలం ఒడిదుడుకులు లేకుండా సాగింది.

ఇక మనుషుల సంగతి. 20వ శతాబ్ది తొలి మూడు దశాబ్దాలలో పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి. సంస్థానంలో విద్వాంసుడి జీవనం వర్షాశనం మీద, అంటే ఏడాదికి ఒకసారి ఇచ్చే భరణం మీద, దసరా వంటి పండుగలలో సభ చేసి ఇచ్చే సంభావనల మీద ఆధారపడేది. విద్వాంసుడు ప్రతిపూటా వినోదం కలిగించనక్కరలేదు. కచేరీల లెక్క అడిగేవారు లేరు. ఈ తీరిక వల్లనే వాద్యాన్ని సరిదిద్దుకోవడానికీ, శిష్యులను ఇంట ఉంచుకుని ఏళ్ల తరబడి చెప్పడానికీ, ఒకే రాగాన్ని గంటల కొద్దీ వెదకడానికీ వీలు కలిగింది. వీణ సహజంగా చిన్న గొంతు వాద్యం. దర్బారు హాలులో, వసారాలో, రాత్రి నిశ్శబ్దంలో ఇరవై ముప్పై మంది వినడానికి దాని నాదం సరిపోతుంది. పిఠాపురం వంటి సంస్థానం ఆ వాద్యానికి తగిన కొలత గల గదిని కూడా ఇచ్చిందని చెప్పవచ్చు. దీనికి భిన్నంగా, కాకినాడ సరస్వతీ గానసభ వంటి సభలు 20వ శతాబ్ది తొలి ఏళ్లలో ఏర్పడ్డాక వాద్యం వందల మంది ముందుకు రావలసి వచ్చింది. మైకు ఇంకా రాని ఆ రోజుల్లో అది వైణికుడికి గట్టి పరీక్షే.

ఈ పోషణకు ఒక చీకటి అంచు ఉన్నది, దాన్ని దాచడం చరిత్రకు న్యాయం కాదు. రాజాకు గురువు, పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలు అయిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజికుడు. అంటరానివారికీ ఆడపిల్లలకూ చదువు చెప్పించడంలో ఆయన, రాజా కలిసి చేసిన పని గొప్పది. అదే సంస్కరణోద్యమం సానిమేళాలను, అంటే కళావంతుల కులపు స్త్రీల ఆటపాటల బృందాలను, నిరసించింది, గోదావరి జిల్లాల కళావంతుల బతుకుతెరువును దెబ్బతీసింది, చివరకు 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో వారి వృత్తి నేరమయింది. తరతరాలుగా పదాలూ జావళులూ నోటికి నిలుపుకున్న స్త్రీల సంగీతం అనుమానానికి గురైన దశాబ్దాలలోనే వీణ గౌరవనీయమైన కుటుంబాల ఆడపిల్లలకు తగిన విద్యగా ఇళ్లలో అడుగుపెట్టింది. ఎవరికి నేర్పాలి, ఎవరు నేర్పవచ్చు అన్న ప్రశ్నకు నాటి సంస్కర్తలు ఇచ్చిన జవాబు సగమే సరైనది.

పిఠాపురం వీణను బయటి ప్రపంచానికి తీసుకుపోయినది రైలు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచాక డెల్టా రెండు ఒడ్లూ ఇనుప దారితో కలిశాయి, తునికీ సామర్లకోటకూ మధ్య ఉన్న పిఠాపురం కలకత్తా–మద్రాసు మార్గంలో నిలిచింది. బ్రహ్మసమాజం వల్ల రాజాకు బెంగాలుతో ఉన్న చుట్టరికమూ, ఈ రైలూ కలిసి రవీంద్రనాథ్ టాగూరును పిఠాపురం చేర్చాయి. 1918లో దక్షిణ దేశయాత్రకు బయలుదేరిన రవీంద్రుడు పిఠాపురంలో ఆగి సంగమేశ్వర శాస్త్రి వీణ విన్నాడు, విని ముగ్ధుడయ్యాడు, తరువాత ఆయనను శాంతినికేతనానికి పిలిపించుకుని కొన్ని నెలలు ఉంచుకుని అక్కడి విద్యార్థులకు వీణ చెప్పించాడు. విశ్వభారతికి 1918 డిసెంబరులో పునాదిరాయి పడింది, 1921 డిసెంబరులో అది లాంఛనంగా దేశానికి అంకితమయింది. ఆ మూడేళ్ల నడుమ రవీంద్రుడు ఏ ఏ కళలు తన విద్యాలయంలో చోటు చేసుకోవాలో వెదుకుతున్నాడు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో ఆయన 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం చేసిన సంగతి తెలుగువారు తరచుగా తలచుకుంటారు. పిఠాపురం సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు, సంగీత విద్య దృష్ట్యా చూస్తే రెండవదే బరువైనది.

బరువు ఎందుకంటే, గురుకులంలో పెరిగిన విద్య శాంతినికేతనంలో భిన్నమైన తరగతిని చూసింది. గురుకులంలో శిష్యుడు గురువు ఇంట ఉండి శుశ్రూష చేస్తాడు, అంటే ఇంటి పనుల నుంచి వాద్యం తుడవడం దాకా అన్నీ చేస్తూ వింటాడు. మేళం కట్టే రోజున మైనం కరిగించేది, మెట్లు అందించేది అతడే. పాఠం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పలేని చదువు అది. శాంతినికేతనంలో విద్యార్థులు వేరే భాషవారు, వేరే బాణీ విన్న చెవులవారు, కాలపట్టికకు లోబడినవారు. బెంగాలులో అప్పటికే ఆకారమాత్రిక స్వరలిపి వాడుకలో ఉంది. స్వరలిపి అంటే పాటను స్వరాక్షరాలతో, కాలప్రమాణ గుర్తులతో కాగితం మీద పెట్టే పద్ధతి. దక్షిణాదిలో కూడా సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో అచ్చువేసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి, ఒత్తి పలికే తీరులకు, ప్రత్యేకమైన గుర్తులు కల్పించారు, వాటిని వివరించడానికి వీణ మీద వేళ్ల నడకనే ఆధారం చేసుకున్నారు. గాత్రంలో కంటికి కనబడని గమకం వీణ మెట్టు మీద తీగ లాగడంగా కంటికి కనబడుతుంది కనుక లిపి కల్పించాలనుకున్నవారికి వీణే సహజమైన నల్లబల్ల అయింది. రవీంద్రుడు తరువాతి కాలంలో దక్షిణాది కీర్తనల బాణీల మీద బెంగాలీ పాటలు కట్టాడు. ముత్తుస్వామి దీక్షితుల 'మీనాక్షి మే ముదం' నుంచి వచ్చిన పాట అందరికీ తెలిసినదే. ఆ కీర్తనలు ఆయనకు అందినది ప్రధానంగా 1920ల చివర శాంతినికేతనంలో చేరిన దక్షిణాది విద్యార్థిని సావిత్రి గొంతు ద్వారా. కాని దక్షిణాది సంగీతం మీద ఆయన చెవి తెరుచుకున్న సందర్భాలలో పిఠాపురం వసారాను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇదే కాలంలో తెలుగు నేల మీద కూడా సంగీత విద్య సంస్థగా మారింది. చాగంటి గంగరాజు కుమారుడు, అంధుడైన జోగారావుకు సంగీతం చెప్పించే ఏర్పాటు కోసం మొదలైన ఆలోచన 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాలగా రూపు దిద్దుకున్నది; ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. కళాశాల వచ్చాక నెల జీతం వచ్చింది, పాఠ్యప్రణాళిక వచ్చింది, పరీక్ష వచ్చింది. మేళం కట్టడం మాత్రం ఆ ప్రణాళికల వెలుపలే మిగిలిపోయింది. పాడడం, వాయించడం విద్య అయ్యాయి, వాద్యాన్ని సరిచేయడం మరమ్మతు అయింది. వైణికుడిలో ఒకటిగా ఉన్న నాలుగు పనులు విడిపోవడం అక్కడ మొదలైందని అనుకోవచ్చు.

కూర్పు విషయంలో మాత్రం డెల్టా వైణికులు తరువాతి తరంలోనే కొత్త దారి తొక్కారు. వీణకు సొంతమైన కల్పన తానం; రాగాలాపన తరువాత, పల్లవికి ముందు, తాళం కట్టుబాటు లేకుండానే ఒక లయలో రాగాన్ని ముక్కలు ముక్కలుగా మీటుతూ, పక్క తీగలతో నడక చూపుతూ సాగేది. గాయకులు తానాన్ని వీణ నుంచే నేర్చుకున్నారన్న మాట వైణికుల నోట తరచుగా వినిపిస్తుంది. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వైణికుల ఇంటివాడు. తండ్రి అచ్యుతరామశాస్త్రి పిఠాపురం సంగమేశ్వర శాస్త్రికి సమకాలికుడు. శంకరశాస్త్రి కచేరీ విద్వాంసుడిగా ఆగిపోక మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేసి, తరువాత ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి సంగీతం కూర్చాడు. ఆయన 'ఆదర్శ శిఖరారోహణం' పర్వతారోహణను వాద్యబృందంతో చిత్రించిన రచన. సాహిత్యం లేకుండా ఒక ఇతివృత్తాన్ని వాద్యాలతోనే నడపడం కర్ణాటక సంగీతంలో అప్పటికి అరుదు. ఆయన శిష్యుడు, 1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు 'కొమ్మలో కోయిల' వంటి స్వీయ కల్పనలతో, గ్రామఫోను రికార్డులతో వీణను సంగీతం తెలియని ఇళ్లకు కూడా చేర్చాడు. 1974లో వచ్చిన 'దిక్కట్ర పార్వతి' అనే తమిళ చిత్రానికి సంగీతం కూర్చినది కూడా ఆయనే. తీగ మీటగానే పక్షి కూత, గుడి గంట వినిపింపజేసే ఆయన చమత్కారాలను కొందరు పండితులు తేలికగా చూశారు. ఆ విమర్శలో కొంత అసూయ ఉన్నది, కొంత న్యాయమూ ఉన్నది. నాదంలోని ఆ నిలకడకూ ఆ మెత్తదనానికీ వాద్యాన్ని ఎంత శ్రద్ధగా అమర్చుకోవాలో ఎరిగినవారు మాత్రం ఆ మాట అనడానికి కొంచెం తటపటాయిస్తారు.

వైణికులు దర్బారు వదిలి రేడియో వైపు మళ్లడానికి వెనుక ఉన్న ఒక ఆర్థిక కారణం 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం. జమీందారీలు పోవడంతో వర్షాశనాలూ సంభావనలూ పోయాయి. అదే ఏడాది డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయింది. దర్బారు వదిలిన వైణికుణ్ణి రేడియో చేరదీసింది. రేడియో మైకు ముందు వీణ చిన్న గొంతు లోపం కాకుండా పోయింది. ఆ తరువాత కొయ్యకు అంటించే మైకు వచ్చి పెద్ద సభలకు కూడా దారి వేసింది. కాని మైకు కోసం చేసే వాద్యానికి పలుచని కుండ, పెద్ద కుండ అన్న పాత బెంగ అక్కరలేదు కనుక, కొయ్యను గురించి వైణికుడూ వడ్రంగీ కూర్చుని మాట్లాడుకునే అవసరమూ తగ్గింది.

వస్తువు చరిత్ర మాత్రం ఆగలేదు. ఒకప్పుడు వీణ మీద అలంకారానికి ఏనుగు దంతం, జింక కొమ్ము వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లోనూ 1991లోనూ జరిగిన సవరణలు ఆ వాడకాన్ని మూసివేశాయి, వాటి స్థానంలో ప్లాస్టిక్ రేకులు వచ్చాయి. మెడ కింద ఆనికగా ఉండే సొరకాయ బుర్ర ప్రయాణంలో పగులుతుంది కనుక కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేసిన బుర్రలు దానికి బదులయ్యాయి. నాదంలో ఆ బుర్ర వంతు స్వల్పమే కాబట్టి ఈ మార్పును వైణికులు పెద్దగా తప్పుపట్టలేదు. కొయ్య విషయంలో అటువంటి సులువైన బదులు దొరకలేదు. లావైన పనస దుంగలు అరుదై, ధర పెరిగి, ఏకాండి వీణ ముందుగా చెప్పి చేయించుకునేవారికి మాత్రమే మిగిలింది. బెంగళూరు వంటి చోట్ల మైనానికి బదులు మరలతో మెట్లు బిగించే, విడదీసి పెట్టెలో సర్దుకునే వీణలు వచ్చాయి. మేళం కట్టే పని తెలియని విద్యార్థికి, విదేశంలో ఉన్నవారికి అవి సౌకర్యమే.

బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు లభించింది. పిఠాపురానికి చేరువలో నేసే ఉప్పాడ జాందానీ చీరలకు ఆ గుర్తింపు 2009లోనే వచ్చింది. గుర్తింపు తయారీ స్థలానికి పేరు తెస్తుంది, కొయ్యను ఇవ్వదు. గొల్లపల్లిలో ఇప్పుడు పెద్ద వీణకంటె చురుగ్గా సాగుతున్నది బహుమతి వీణల పని: పెద్ద వీణకు పనికిరాని చిన్న ముక్కలతో జానెడు, మూరెడు పొడవు బొమ్మ వీణలు చెక్కి, రంగులు వేసి, సన్మాన సభలకూ లేపాక్షి దుకాణాలకూ అమ్ముతారు. వృథా పోయే కొయ్య అన్నం పెడుతున్నది కనుక పొదుపు దృష్ట్యా దీన్ని తప్పుపట్టడానికి లేదు, పనివారి ఇళ్లు నిలబడుతున్నవి కూడా చాలావరకు దీని మీదనే. కాని బొమ్మ వీణకు మేళం కట్టాల్సిన పని లేదు. బొమ్మ వీణలు చెక్కుతూ పని నేర్చుకుంటున్న కుర్రవాడికి బాడిసె, ఉలి, ఆకురాయి చేతికి వస్తాయి. మెట్టు ఎక్కడ నిలవాలో చెప్పే చెవి రావాలంటే వాయించే వీణ ఒకటి పూర్తిగా చేయాలి, దాన్ని అడిగి చేయించుకునే వైణికుడు ఒకడు పక్కన కూర్చోవాలి. సంస్థానాల కాలంలో ఆ అడిగేవాడికి అయ్యే ఖర్చు వర్షాశనంలోనే కలిసి ఉండేది. ఇప్పుడు సంగీత కళాశాలల జమాఖర్చులలో కొత్త వాద్యాల కొనుగోలుకు పద్దు ఉంటుంది కాని, విద్యార్థిని తీసుకుపోయి వడ్రంగి దగ్గర నెల రోజులు కూర్చోబెట్టడానికి పద్దు ఉండదు.